డప్పు సైదులు మీద రాజద్రోహం

సైదులు చాటింపు వేస్తే, తప్పిపోయిన మేకను వెతకడం కూడా సర్కారు హుకుమే అయ్యేది.

గుండ్లవెల్లి హుజూర్‌నగర్‌కు ఒక పూట నడక దూరంలో ఉన్న నాపరాతి ఊరు. ఆ ఊళ్లో మాదిగవాడకు చెందిన సైదులు తాత చాటింపు వేశాడు, తండ్రి వేశాడు, తర్వాత సైదులు వేశాడు. ఆ కొలువుకు బదులుగా చెరువు కింద చిట్టచివర ఒక మడి వాళ్లకు ఇనాముగా ఉండేది. డప్పు మోగినన్నాళ్లు మడి వాళ్లది. ఊళ్లో శిస్తు వ్యవహారం చూసే మాలీ పటేలు అరుగు మీద కూర్చుని రెండు ముక్కల్లో సంగతి చెప్పేవాడు. సైదులు గడ్డిమంట మీద డప్పు కాపి, వాడవాడకూ తిరిగి, మలుపు దగ్గర ఆగి, ఆ రెండు ముక్కలనే సాగదీసి గట్టిగా చెప్పేవాడు. "ఇనుండ్రి, ఊరి జనమా ఇనుండ్రి" అని మొదలు. "సర్కారు హుకుం, ఇనకుంటె జిమ్మ మీదే" అని ముగింపు.

వినకపోతే బాధ్యత మీదేనని బెదిరించే ఆ ముగింపు నిజాం రాజ్యంలో తండ్రి నేర్పింది. రాజ్యం మారింది. రజాకార్లు పోయారు, కమ్యూనిస్టు సంఘపోళ్లు గుట్టలు దిగి వచ్చారు, ఓట్లు వచ్చాయి. ముగింపు మాత్రం మారలేదు. కలరా సూదులకూ అదే, జాతరకూ అదే. చెరువు కింద రెండు మళ్లున్న గోపమ్మ అనే విధవరాలు నోటి దురుసు మనిషి. ఆమె మేక తప్పిపోయినప్పుడు ఈ ముగింపు విని నడివీధిలో నిలదీసిందట.

"ఏం సైదులూ, నా మేకను ఢిల్లీ సర్కారు గూడ దేవులాడుతాందా?"

"ఏం జెయ్యాలమ్మా, గామాట అనకుంటె చాటింపు అయిపోయినట్టుండదు. నోరు దానంతటదే అంటది."

"గట్లయితె మేక దొరక్కుంటె సర్కారునే అడుగుత తీయ్."

మేక దొరికింది. ఊరు చాలా రోజులు నవ్వుకుంది.

యాభై తొమ్మిదిలో పెద్ద వానకు ఆ ఊరి చెరువు కట్ట తెగింది. నీళ్లన్నీ ఒక్క పూటలో వాగులోకి పోయాయి. కట్టకు మట్టి పోయించమని రైతులు అర్జీలు పెట్టారు. తాసీల్దారు చూస్తానన్నాడు, మరమ్మతుల ఇంజనీరు వచ్చి చూసిపోయాడు. రెండో ఏడు కూడా వచ్చింది. మళ్లలో తుమ్మ మొలకలు లేచాయి. కానీ తాసీల్దారు కచేరి కాగితాల్లో అవి ఇంకా నీళ్లు పారే తరి పొలాలే కనుక తరి శిస్తే కట్టమన్నారు. కట్టనివాళ్ల ఇంటి ముందు జప్తు మనుషులు నిలబడి ఇత్తడి బిందెలు పట్టుకుపోవడం మొదలైంది.

లింగస్వామి అనే రైతు, కాస్త చదవగలిగినవాడు, ఊరి తరఫున అర్జీలు రాసీ రాసీ విసిగిపోయినవాడు, ఒక ఉదయం తెగిన కట్ట మీద నలుగురినీ పోగు చేశాడు. అందరం పోయి కచేరి ముందు కూర్చుందామన్నాడు. అందరూ తల ఊపారు. ఊరికి చెప్పేదెవరన్న మాట వచ్చేసరికి ఎవరికి వాళ్లు దిక్కులు చూశారు. చివరికి సైదులును పిలిపించారు.

"పటేలు చెప్పమన్నడా?" అని అడిగాడు సైదులు.

"పటేలు ఎందుకు చెప్తడు? ఊరు చెప్తాంది."

"ఊరంటె ఎవరన్నా?"

లింగస్వామి చిరాకుపడ్డాడు. "ఊరంటె ఊరే. నువ్వు లేవా ఊర్లె?"

ఆ మాట సైదులుకు ఎక్కడో తగిలింది. తర్వాతి రోజుల్లో నేను పనిచేసిన వకీలు ఆఫీసు గడప బయట కూర్చుని అతను ఈ మాటను చాలాసార్లు చెప్పాడు. అంతకుముందు తనను ఎవరూ ఆ లెక్కలో అడగలేదన్నాడు. అతని ఇనాం మడికి శిస్తు లేదు. శిస్తు మానడం వల్ల అతనికి మిగిలేదేమీ లేదు. అయినా డప్పు కాపుకున్నాడు.

లింగస్వామి చెప్పమన్నది ఇంతే: సంత జరిగే అంగడినాడు పొద్దున్నే అందరూ హుజూర్‌నగర్ కచేరికి రావాలి, కట్ట కట్టిస్తామని చెప్పేదాకా అక్కడే కూర్చోవాలి, అప్పటిదాకా ఎవరూ శిస్తు కట్టొద్దు. సైదులు అదంతా చెప్పాడు. మొదటి మలుపు దాటాక మాత్రం తనంతట తాను ఇంకొన్ని మాటలు కలిపాడు. "ఆడోళ్లు గూడ రావాలె. మాలోళ్లు రావాలె, మాదిగోళ్లు రావాలె. మడి లేనోడు గూడ రావాలె, నీళ్లు లేకుంటె కూలి ఏడుంటది? భయపడేటోడు భయపడుకుంటనే రావాలె." అతని గొంతు మామూలుకన్నా పైకి లేచిందని విన్నవాళ్లు చెప్పారు. ఆ ఊపులో డప్పు మీద చివరి దెబ్బ వేసి, అలవాటు చొప్పున అన్నాడు: "సర్కారు హుకుం, ఇనకుంటె జిమ్మ మీదే."

ప్రతి మలుపు దగ్గరా అలాగే అన్నాడు. అలా అన్నానని అతనికే తెలియదు.

అంగడినాడు ఊరు ఊరంతా కదిలింది. లింగస్వామి నలభై యాభై మంది వస్తే గొప్ప అనుకున్నాడట. భయస్తులు వచ్చారు, బాలింతలు వచ్చారు. హుకుం అన్నారు కదా, రాకపోతే ఏమవుతుందోనని పటేలు ఇంటి పాలేర్లు కూడా వచ్చారు. ఊరి బందోబస్తు చూసే పోలీసు పటేలు ఎర్ర రుమాలు చుట్టి, చేత చిల్లగోల కర్రతో, అందరికన్నా ముందు వచ్చి నిలబడ్డాడు.

తాసీల్దారు జీపు దిగి ఆ జనాన్ని చూసి నివ్వెరపోయాడు.

"ఎవరు రమ్మన్నరు మిమ్మల్నందర్ని?"

"మీరే గద సారు రమ్మన్నరు!" అంది ఒక ముసలామె.

"నేనా?"

"సర్కారు హుకుమని సైదులు చాటె. మూడు కోసులు నడిసొచ్చినం. ఇప్పుడు రమ్మన్లే అంటె ఎట్ల?"

"నువ్వేందయ్యా ఇక్కడ?" అన్నాడు తాసీల్దారు పోలీసు పటేలును చూసి.

"డ్యూటీల వచ్చిన సాబ్," అని అతను సలాం కొట్టాడు.

జనం నవ్వారు. సాయంత్రం దాకా కూర్చున్నారు. చెదలు తిన్న కంచెకు ఎవరో ఆనుకుంటే అది కూలింది. అంతకుమించి ఏమీ జరగలేదు. కట్ట సంగతి చూస్తామని తాసీల్దారు నోటిమాటగా అంటే లేచి ఇళ్లకు పోయారు. ఆ మరునాడు సైదులును పట్టుకుపోయారు.

సబ్ ఇన్‌స్పెక్టరును జనం అప్పటికీ పాత పేరుతో అమీను సాబనే పిలిచేవారు. పదేళ్ల కింద, సంఘం రోజుల్లో, ఆయన ఈ తాలూకాలోనే జవానుగా ఉండేవాడు. పోలీసులు ఊరి పొలిమేరకు రాగానే ఎక్కడో ఒక డప్పు మోగేది, చేరేసరికి ఊరు ఖాళీగా ఉండేది. ఆ చప్పుడు ఆయన చెవుల్లోంచి పోయినట్టు లేదు. మడి లేనివాడు కూడా రావాలన్న మాట రాసుకుని దాని కింద గీత గీశాడు. శిస్తు కట్టవద్దనడం, లేని హుకుం పేరు చెప్పి జనాన్ని సర్కారు మీదికి తోలడం, సర్కారు ఆస్తి పాడుచేయడం, అన్నీ కలిపి రాజద్రోహం అన్నాడు. శిక్షా స్మృతిలో నూట ఇరవై నాలుగు ఏ. అది రుజువైతే మూడేళ్ల ఖైదు, ఇంకా గట్టిగా పడితే యావజ్జీవం.

నేను అప్పుడు నల్లగొండలో ఒక వకీలు దగ్గర గుమాస్తాను. సైదులు, అతని భార్య సుక్కమ్మ మా ఆఫీసుకు వచ్చేసరికి అతనికి జామీను దొరికింది. జామీను పడ్డది లింగస్వామే. కానీ పోలీసుల ముందు లింగస్వామి చెప్పిన వాంగ్మూలం కూడా అందరిలాంటిదే: "సైదులు డప్పు కొట్టి పిలిచిండు, ఇని పోయిన." గోపమ్మ అదే చెప్పింది. కట్ట మీద పోగైన నలుగురూ అదే చెప్పారు. వాళ్లది అబద్ధమని అనలేం. పిలిచింది అతనే, విని పోయింది వాళ్లే. అంత మంది కూర్చున్న ఆ పొద్దుకు సైదులు ఒక్కడే కర్తగా మిగిలాడు.

మా వకీలు నిదానస్తుడు, మంచివాడు. చుట్ట కాలుస్తూ అంతా విన్నాడు.

"చూడు సైదులూ, దీనికి రెండు తొవ్వలున్నయి. ఒకటి, నిరసనకు పిలుసుడు రాజద్రోహం గాదని కొట్లాడుడు. అది పెద్ద తొవ్వ. ఒక హైకోర్టు ఈ సెక్షనే చెల్లదంటది, ఇంకో హైకోర్టు బరాబర్ చెల్లుతదంటది. మనం ఆడిదాక పోయేసరికి నువ్వుండవు, నేనుండ. రెండోది చిన్న తొవ్వ. నువ్వు చాటింపు మనిషివి. ఎవరేది చెప్పమంటె అది చెప్తవు. నీ నోట్లె మాటకు నీకు సంబంధం లేదు. కోర్టుల గంతే చెప్పి ఇంటికి పో."

సైదులు మెల్లగా అన్నాడు.

"గది అబద్ధం గద దొరా."

"ఎట్ల అబద్ధం? పుట్టినసంది నువ్వు చేసింది గదే గద?"

"పుట్టినసంది చేసింది గదే. ఆ ఒక్క పూట గాదు. మడి లేనోడు రావాలని నాకెవ్వరు చెప్పలే. గవి నా మాటలు."

సుక్కమ్మ అందుకుంది. "నీ మాటలైతే ఏమొచ్చె? మడి పాయె, కొలువు పాయె. నీ మాటలు ఉట్టిల పెట్టుకొని తింటమా? దొరా, మీరు చెప్పినట్టే చెప్తడు. నేను చెప్పిస్త."

మడి నిజంగానే పోయినట్టే ఉంది. కేసు తేలేదాకా అందులో కాలు పెట్టవద్దని మాలీ పటేలు కబురు చేసి, చాటింపుకు పక్క ఊరి మనిషిని పెట్టుకున్నాడు. సుక్కమ్మ సాగర్ కాలువ పనిలో మట్టి తట్టలు మోస్తోంది. సైదులూ అక్కడే గడ్డపార పట్టాడు. వాయిదాకు ముందురోజు ఇద్దరూ పని మానుకుని బస్సెక్కి నల్లగొండ వచ్చేవారు. మరునాడు కోర్టు అరుగు కింద తువ్వాల పరుచుకుని పొద్దంతా కూర్చునేవారు. సాయంత్రం బంట్రోతు బయటికి వచ్చి వాయిదా అనేవాడు.

ఆ కేసు ఎందుకు సాగుతోందో సైదులుకు అర్థం చేయించడం నా వంతు అయింది. రాజద్రోహం కేసు నడపాలంటే రాష్ట్ర ప్రభుత్వమే ప్రత్యేకంగా ఉత్తర్వు ఇవ్వాలి. పోలీసులు కాగితం హైదరాబాదుకు పంపారు. అది రాలేదు. ఇది విన్న రోజు మా వకీలు పడీ పడీ నవ్వాడు.

"నువ్వేమొ లేని హుకుం చాటినవు. వీళ్లేమొ రాని హుకుం కోసం కూసున్నరు. ఇద్దరికి ఇద్దరు సరిపోయిండ్రు."

సైదులు కూడా నవ్వాడు, కానీ అలసిన నవ్వు. ఏడాది తిరిగింది. రెండో ఏడు పడింది. గడ్డపార పట్టి అతని వేళ్లు బిగిసిపోయాయి. డప్పు కొట్టే చిర్ర, పుల్ల పట్టే వేళ్లు అవి అని సుక్కమ్మ నాకు చూపించింది ఒకసారి.

నడుమ ఒక వాయిదాకు డప్పు సంగతి వచ్చింది. దాన్ని సాక్ష్యం కింద జప్తు చేసి కోర్టు మాల్‌ఖానాలో పెట్టారు. ఆ చప్పుడు జనాన్ని ఎంత రెచ్చగొట్టేదో కోర్టువారు స్వయంగా వినాలని సర్కారు వకీలు కోరాడు. డప్పు తెచ్చారు. చెమ్మకు తోలు జారిపోయి ఉంది. సైదులు కొడితే తడిసిన గోనె మీద కొట్టినట్టు అయింది.

"కాపాలె సాబ్," అన్నాడు సైదులు. "మంట మీద కాపకుంటె పలకదు."

మా వకీలు వెంటనే లేచి, ఆవరణలో కాస్త గడ్డి మంట వేసుకోవడానికి అనుమతి అడిగాడు. సర్కారు వకీలు ఎగిరి అభ్యంతరం చెప్పాడు. సాక్ష్యాన్ని మంట మీద పెడితే అది సాక్ష్యం పాడుచేయడమేనన్నాడు. మెజిస్ట్రేటు కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇరువైపులా వాదన రాసుకుని, వాయిదా వేశాడు. ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు సుక్కమ్మ అంది: "గంతమంది చదువుకున్నోళ్లు, ఒక్క డప్పును పలికించలేకపాయిరి." సైదులు ఈసారి నవ్వలేదు. తన డప్పు పాడైందన్న బాధలో ఉన్నాడు.

అరవై రెండు మొదట్లో పేపర్లో వార్త వచ్చింది. బీహారు నుంచి పోయిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షను మీద తీర్పు చెప్పింది. మా వకీలు కళ్లద్దాలు పైకి నెట్టుకుని రెండుసార్లు చదివాడు. తర్వాతి వాయిదాకు సైదులు రాగానే కూర్చోబెట్టి చెప్పాడు.

"సర్కారును ఎంత గట్టిగ తిట్టినా, తప్పని ఎంతమందికి చెప్పినా అది రాజద్రోహం గాదట. కొట్టుండ్రి, కాల్చుండ్రి అని ఉసిగొల్పినప్పుడు, అల్లర్లకు దారితీసినప్పుడే నేరమట. సెక్షను మాత్రం ఉంటది."

సైదులు ముఖం వెలిగింది. ఆ రెండేళ్లలో నేను చూసిన వెలుగు అదొక్కటే.

"నేను కొట్టుమన్లే గద దొరా. కూసోమన్న."

"అనలేదు."

"గట్లయితె ఇగ నేనే పిలిచిన అని చెప్పొచ్చు. ఢిల్లీ కోర్టే నేరం గాదనె."

వకీలు చుట్ట ఆర్పేశాడు. "తొందర పడకు. సూత్రం మంచిగనే చెప్పిండ్రు. కానీ ఆ బీహారాయన అప్పీలు మాత్రం కొట్టేసిండ్రు. ఆయనకు పడ్డ శిక్ష పడ్డట్టే. గిదీ కోర్టంటె. కింద మన మెజిస్ట్రేటు, కూలిన కంచెను చూపి అల్లరే అంటడో, ఏమంటడో. చిన్న తొవ్వ తెరిచే ఉన్నది. ఆ తొవ్వలనే పోదాం."

"దొరా, నేరం గానిదాన్ని నాది గాదని ఎందుకు చెప్పాలె?"

నేను ఆ వయసులో పుస్తకాలు బాగా చదివేవాణ్ని. ఆ ప్రశ్నకు జవాబు నా చదువులో ఎక్కడా దొరకలేదు. వకీలు దగ్గర మాత్రం ఉంది. సుక్కమ్మ వైపు చెయ్యి చూపాడు. ఆమె కాళ్లకు కాలువ మట్టి ఎండి పగిలి ఉంది. సైదులు అటు చూసి తల దించుకున్నాడు. మీ ఇష్టం అన్నట్టే అనిపించింది మాకు.

ముద్దాయిని కోర్టు ప్రశ్నించే రోజు వచ్చింది. మెజిస్ట్రేటు కర్కోటకుడేమీ కాదు. బదిలీ కాగితం చేతికి వచ్చి ఉంది, పాత కేసులు తెంపుకుపోవాలన్న తొందరలో ఉన్నాడు. చాటింపు మాటలు చదివి వినిపించి అడిగాడు.

"ఈ మాటలు నువ్వు చెప్పినవా?"

"చెప్పిన."

"నీకు ఎవరు చెప్పమంటే చెప్పినవు?"

వకీలు అతని వైపే చూస్తున్నాడు. సుక్కమ్మ తలుపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఊరివాళ్లు సాక్షులుగా వచ్చి వెనక బల్ల మీద ఉన్నారు, లింగస్వామి తల వంచుకుని తన చెప్పులు చూసుకుంటున్నాడు. సైదులు అందరినీ ఒకసారి చూశాడు. ఒక్క పేరు చెబితే చాలు, ఇంటికి పోవచ్చు.

"ఎవ్వరు చెప్పలే సాబ్. నా మాటలే. పిలిచింది నేనే. సర్కారు హుకుం అన్నది మాత్రం నోటి అలవాటుల వచ్చింది, గది తప్పే. మిగిలినయన్ని నావే."

మా వకీలు లేచాడు. "హుజూర్, ముద్దాయి నిరక్షరాస్యుడు, ప్రశ్న అర్థం కాలేదు."

"అర్థమైంది దొరా," అన్నాడు సైదులు అతని వైపు తిరిగి, బతిమాలుతున్నట్టుగా.

మెజిస్ట్రేటు కలం పట్టుకుని ఒక క్షణం ఆగాడు. గడియారం చూశాడు. ఏదో రాసుకున్నాడు. దిగిపొమ్మని చెయ్యి ఊపాడు.

బయటికి రాగానే సుక్కమ్మ అతని భుజం మీద చేత్తో గట్టిగా కొట్టింది. "సాలు నీ మగతనం! మూడేండ్లు జైల్ల కూసొని నీ మాటలు లెక్కపెట్టుకో." ఏడ్చింది. తర్వాత సత్తు గిన్నె మూత తీసి జొన్నరొట్టె తుంచి అతని చేతిలో పెట్టింది. ఇద్దరూ తిన్నారు.

లింగస్వామి దూరంగా నిలబడి ఉన్నాడు. కొంతసేపటికి దగ్గరికి వచ్చాడు.

"నా పేరు చెప్తవనుకున్న సైదులూ."

"నువ్వు నాకు చెప్పింది ఊరు అని గదన్నా. ఊరి పేరు రాసుకుంటరా వీళ్లు?"

లింగస్వామి తువ్వాల దులుపుకుని బస్సు వైపు నడిచాడు.

వారం తిరిగాక తీర్పు వచ్చింది. సైదులును వదిలేశారు. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితాన్ని నేను కోర్టు అరుగు మీద తెలుగులో చదివి చెప్పాను. ప్రభుత్వం నుంచి ఉత్తర్వు రానందున కేసు నడవదని మొదటి మాట. అంతటితో ఆగినా సరిపోయేది. కానీ మెజిస్ట్రేటు ఇంకొంచెం రాశాడు. ముద్దాయి వంశపారంపర్యంగా చాటింపు వేసేవాడు, చదువు లేనివాడు. తనతో ఆ మాటలు చెప్పించిన వారి పేరు చెప్పలేకపోయాడు. అటువంటి వ్యక్తి ఇతరుల మాటను చేరవేసే సాధనమే తప్ప, ప్రజలను ఒక పనికి పిలిచే సొంత ఉద్దేశం అతనికి ఉందని భావించడానికి వీలులేదు. అందుచేత నిరసనకు పిలుపు రాజద్రోహమా కాదా అన్న ప్రశ్న ఈ కేసులో తలెత్తదు.

"ఇంకోసారి చదువు అయ్యా," అన్నాడు సైదులు.

చదివాను.

"నేను నావే అన్న గద. రాసుకున్నడు గద ఆయన."

"రాసుకున్నది ఇదే."

సైదులు లోపలికి వెళ్లి మా వకీలు ముందు నిలబడ్డాడు. గెలిచినందుకు దండం పెట్టడానికి వచ్చాడనుకున్నాం.

"దొరా, దీని మీద అప్పీలుకు పోవచ్చా?"

వకీలుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. "ఏందిరా, నన్ను జైలుకు పంపుండ్రి అని అప్పీలు జేస్తవా?"

"జైలుకు గాదు. గా ఒక్క ముక్క తీసెయ్యమని."

"వదిలేసినోనికి అప్పీలు లేదు సైదులూ. చట్టంల జాగ లేదు. పో, నీ మడి నువ్వు చేసుకో."

సుక్కమ్మ అతని చెయ్యి పట్టుకుని లాగింది. "బస్సు పోతాంది, నడువు." మాల్‌ఖానా నుంచి ఇచ్చిన డప్పును సంకలో పెట్టుకుని అతను ఆమె వెంట నడిచాడు.

మడి తిరిగి వచ్చింది. కొలువూ వచ్చింది. అతన్ని జైల్లో పెట్టాలని ఊళ్లో ఎవరికీ లేదు, పటేలుకు కూడా లేదు. అయితే ఆ ఒక్క ముక్క ఊరికెక్కడా అక్కరకు రాకపోగా ఎదురు తిరిగింది. కట్ట కోసం లింగస్వామి మళ్లీ అర్జీ పెడితే, కొత్త తాసీల్దారు పాత కాగితాలు తిరగేయించాడు. అప్పటి జనసమూహం ఒక చాటింపు మనిషి పొరపాటువల్ల పోగైనదే తప్ప రైతులు ఫిర్యాదుతో వచ్చింది కాదని, అది కోర్టు కూడా తేల్చిన విషయమని జవాబు వచ్చింది. ఎవరూ పిలవలేదు కనుక ఎవరూ రాలేదు. ఎవరూ రాలేదు కనుక కష్టమేమీ లేదు. తరి శిస్తు పాత బాకీతో సహా కట్టాలన్నారు.

ఆ సంగతి ఊరికి చాటమని మాలీ పటేలు సైదులును పిలిచి చెప్పాడు. సైదులు డప్పుకు కొత్త తోలు వేసుకున్నాడు. మంట మీద కాపుకున్నాడు. వాడవాడా తిరిగి చాటాడు. చాటకపోతే మడి పోతుంది. తట్టలు మోయడానికి సుక్కమ్మకు ఇక నడుము లేదు.

నెల దాటాక ఒక అంగడినాడు నేను రిజిస్ట్రేషన్ పని మీద హుజూర్‌నగర్ వెళ్లాను. కచేరి ముందు, కొత్తగా వేసిన కంచె పక్కన, సైదులు కూర్చుని ఉన్నాడు. ఒక్కడే. డప్పు లేదు. తువ్వాల తలకు చుట్టుకుని ఎండలో, ఎవరినీ చూడకుండా.

నన్ను గుర్తుపట్టి లేవబోయాడు. వద్దని పక్కనే నిలబడ్డాను. ఇది మొదటిసారి కాదట. నాలుగైదు అంగళ్ల నుంచి వస్తున్నాడట. పొద్దున రావడం, కచేరి మూసేదాకా కూర్చోవడం, లేచి నడిచిపోవడం.

"సుక్కమ్మ ఏమంటాంది?" అని అడిగాను.

"కూసుంటె కూసో, ఎవ్వర్ని మాత్రం పిలవకు అన్నది."

బంట్రోతు బయటికి వచ్చాడు. "మళ్లొచ్చినవా సైదులూ? ఎవరు రమ్మన్నరు?"

"ఎవ్వరు రమ్మన్లే."

"ఎవర్నన్న రమ్మన్నవా?"

"లేదు."

"ఎందుకొచ్చినవు మరి?"

"చెరువు కట్ట కోసం."

బంట్రోతు తల గోక్కుని లోపలికి పోయాడు. కాసేపటికి పోలీసు జవాను ఒకడు సైకిలు మీద వచ్చి, ఒక కాలు నేల మీద ఆనించి చూసి, తొక్కుకుంటూ పోయాడు. ఎవరినీ పిలవకుండా ఒక్క మనిషి కూర్చుంటే ఏ సెక్షనూ లేదు. ఆ స్వేచ్ఛ ఎంత చిన్నదో అతని పక్కన నిలబడితే తెలిసింది. అంగడికి పోయేవాళ్లు గంపలతో అతని ముందు నుంచే వెళ్తున్నారు. గుండ్లవెల్లి వాళ్లూ ఉన్నారు. కొందరు పలకరించారు, కొందరు ముఖం తిప్పుకున్నారు. లింగస్వామి ఎడ్లబండి తోలుకుంటూ వెళ్లాడు, ఇటు చూడలేదు.

నా పని అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. తిరిగి వచ్చేటప్పుడు చూస్తే గోపమ్మ కచేరి వైపు నడుస్తోంది. అంగట్లో అమ్ముడుపోని గుమ్మడికాయలు గంపలో ఉన్నాయి. నేరుగా వచ్చి అతని ముందు ఆగింది.

"అందరు అంటున్నరు, నువ్విట్ల కూసుంటున్నవని. పిచ్చి లేసిందా?"

"లేసిందేమొ అమ్మా."

"ఇయ్యాల డప్పు ఏది?"

"ఇంటికాడున్నది."

ఆమె కచేరి కిటికీల వైపు చూసింది. లోపల ఎవరో టీ తాగుతున్నారు. గంప దించి, సైదులుకూ తనకూ నడుమ పెట్టి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా కింద కూలబడింది.

"జర జరుగు," అంది. "ఎండంత నా దిక్కే ఉన్నది."